టూర్ కార్డు సంగతి తర్వాత, ముందు క్లాత్ మార్పించండి

2025 మే నెలలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చైనా ఆటగాడు జావో శింటోంగ్ 18-12తో మార్క్ విలియమ్స్‌ని ఓడించి స్నూకర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అప్పటి నుంచి మా ఒడిశా బరంపురం స్నూకర్ పార్లర్లలో ఒకటే మాట: "అమెచ్యూర్‌గా దిగి కప్పు పట్టుకుపోయాడు, మనోళ్లకేటి తక్కువ?" పెద్దవాళ్లు ఖాళీగా కూర్చుని అనుకుంటే ఇబ్బంది లేదు. పదిహేడేళ్ల కుర్రాడు అదే మాట పట్టుకుని, ప్లస్‌టూ వదిలేసి పొద్దస్తమానం టేబుల్ మీదే ఉంటానని ఇంట్లో మొండికేస్తే మాత్రం ఎవరో ఒకరు నిదానంగా కూర్చోబెట్టి మాట్లాడాలి. వాళ్ల నాన్న అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మావోడిలో ప్రొ అయ్యే సరుకు ఉందా, లేదా? అది చెప్పండి మాస్టారూ."

ఆ ప్రశ్నకి ఈ ఊళ్లో ఎవరూ జవాబు చెప్పలేరు. సరుకు లేక కాదు. ఆ సరుకుని తూచే టేబుల్ మన దగ్గర లేదు గనక. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి చోట్ల పెరిగిన కుర్రాడికి ప్రొఫెషనల్ టూర్ (దేశదేశాల్లో ప్రొ ఆటగాళ్లకి జరిగే టోర్నీల వరస) మొదటి మెట్టు కాకూడదు, మూడో మెట్టు కావాలి. మొదటిది సరైన టేబుల్, రెండోది నేషనల్స్‌లో (జాతీయ పోటీల్లో) ర్యాంకు, దాంతోపాటు ఉద్యోగం. ఈ రెండూ దాటకుండా టూర్ వైపు పరిగెత్తడం ధైర్యమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

టేబుల్ నేర్పే తప్పులు

గుణుపురం వైపు నుంచి ఒక కుర్రాడు విశాఖలో ఒక ఓపెన్ టోర్నీ ఆడాడు. సొంత ఊళ్లో అరవై, డెబ్భై బ్రేకులు (ఒకే విడతలో వరసగా తెచ్చే పాయింట్లు) తరచూ కొట్టేవాడు. మొదటి ఫ్రేమ్‌లోనే (మ్యాచ్‌లో ఒక్కో ఆట ఒక ఫ్రేమ్) మంచి అవకాశం దొరికింది. ఎరుపు పడింది, నలుపు మీదకి చక్కగా వచ్చాడు. నలుపు వేసి రెండు అడుగుల దూరంలో ఉన్న తర్వాతి ఎరుపు మీదకి రావాలి. ఇంటి దగ్గర కొట్టినట్టే కొట్టాడు. నలుపు పడింది. తెల్లబంతి మాత్రం కుషన్ తగిలి, ఎరుపుల పక్కనుంచి జారి, నీలం దాటి బాక్ గీత (ఆట మొదలెట్టే చివర అడ్డంగా ఉండే గీత) దాకా వెళ్లిపోయింది. వాడు టేబుల్ వైపు కాదు, తన క్యూ కర్ర వైపు చూసుకున్నాడు. ఆ రోజంతా అంతే. బంతులు పాకెట్లలో పడ్డాయి, పొజిషన్ (తర్వాతి దెబ్బకి తెల్లబంతి ఆగాల్సిన చోటు) ఒక్కటీ నిలవలేదు. స్కోరు ఇరవైల్లోనే ఆగిపోయింది.

చూసినవాళ్లు "టెన్షన్ పడ్డాడు" అని తేల్చేశారు. టెన్షన్ కాదు, టేబుల్ మీద పరిచిన క్లాత్. మన పార్లర్లలో క్లాత్ రెండు మూడేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే నడుస్తుంది. నూగు (ఉన్ని పైన ఒకవైపుకి వాలి ఉండే సన్నటి పోగులు) అరిగిపోయి ఉంటుంది, క్యూ కొనకి రాసే చాక్ పొడి లోపలికి దిగి ఉంటుంది, దానిమీద గోపాలపూర్ వైపు నుంచి వచ్చే సముద్రపు తేమ. తడి పీల్చిన ఉన్ని మీద బంతి బరువుగా దొర్లుతుంది. అలాంటి టేబుల్ మీద బంతిని నాలుగు అడుగులు నడిపించాలంటే దెబ్బలో బలం పెట్టాలి. బలం పెట్టడానికి గ్రిప్ బిగుస్తుంది. గ్రిప్ బిగిస్తే దెబ్బ చివర్లో క్యూ పక్కకి లాగుతుంది. మోచెయ్యి ముందే కిందికి పడుతుంది, తల లేస్తుంది. పన్నెండేళ్లప్పుడు మొదలెట్టినవాడికి పదిహేడేళ్లకి ఇదంతా కండరాల్లోకి వెళ్లిపోతుంది. తర్వాత ఎంత మంచి కోచ్ దగ్గరికి వెళ్లినా మొదటి ఏడాది నేర్చుకోవడానికి కాదు, నేర్చుకున్నది వదిలించుకోవడానికే పోతుంది.

టూర్‌లో వాడే క్లాత్ పలచగా, బిగుతుగా, చాలా వేగంగా ఉంటుంది. టేబుల్ కింద హీటర్లు అమర్చి రాతి పలకలు పొడిగా ఉండేటట్టు చూస్తారు. బాక్ గీత నుంచి తెల్లబంతిని గట్టిగా ఒక్క దెబ్బ కొడితే నాలుగు టేబుల్ పొడవులు దాటి వెళుతుంది. మన టేబుల్ మీద అదే దెబ్బకి ఎన్ని పొడవులు వస్తున్నాయో ఎవరైనా రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. మూడు పొడవులకే బంతి చచ్చిపోతోందంటే, ఆ టేబుల్ మీద కొట్టిన సెంచరీకి బయట విలువ లేదు.

నూగు సంగతి ఇంకా ముఖ్యం. స్నూకర్ క్లాత్ మీద నూగు బాక్ వైపు నుంచి నలుపు వైపుకి వాలి ఉంటుంది. ఆ వాలు వెంట కుడి సైడ్ పెట్టి (తెల్లబంతికి కుడి పక్కన తాకించి) కొడితే బంతి ముందు కొంచెం ఎడమకి నెట్టుకుని, తర్వాత కుడికి వంగుతుంది. అదే దెబ్బ వాలుకి ఎదురు కొడితే నెమ్మది బంతి ఎడమకే జరుగుతుంది. మధ్య పాకెట్‌లోకి మెల్లగా వదిలిన బంతి చివరి అడుగులో నలుపు వైపుకి లాగుతుంది. నూగు పోయి నున్నబడిన క్లాత్ మీద ఇవేవీ కనపడవు. ఆ టేబుల్ మీద పెరిగినవాడు మంచి టేబుల్ మీద మధ్య పాకెట్ దవడ (అంచు) తగిలి బంతి బయటికొస్తే గురి తప్పాననుకుని గురి మార్చుకుంటాడు. గురి సరైనదే, వాడికి నూగు పరిచయం లేదు.

పాకెట్లు మరో మాయ. కుషన్‌కి ఆనుకుని ఉన్న ఎరుపుని జోరుగా కొట్టి చూడండి. కొంచెం దవడ తగిలినా లోపలికి జారిపోతోందంటే ఆ పాకెట్ కోత వదులుగా ఉన్నట్టే. సరైన కోత ఉన్న మూలపాకెట్ ఆ బంతిని నెమ్మదిగా వస్తే మింగుతుంది, జోరుగా వస్తే బయటికి కక్కుతుంది. నోరు సుమారు మూడున్నర అంగుళాలు, బంతి 52.5 మిల్లీమీటర్లు. ఆ మిగులులోనే ఆట అంతా ఉంది. పార్లర్ యజమానికి వదులు పాకెట్లంటే ఇష్టం, గిరాకీ తిరిగొస్తుంది. ఆయన వ్యాపారం ఆయనది, నేను తప్పుపట్టను. కానీ నాలుగు టేబుళ్లు ఉన్నచోట ఒక్కటైనా బిగుతుగా కోయించి ఉంచితే ఆ ఊళ్లో ఆడే పిల్లలకి అంతకన్నా మేలు లేదు.

ఇక బంతులు. ఒక సెట్‌లోని బంతుల బరువుల్లో తేడా 3 గ్రాములు దాటకూడదని నియమం. మన దగ్గర తెల్లబంతి పగిలినా, పసుపెక్కినా, ఎక్కడో పాత సెట్‌లోంచి ఇంకోటి తెచ్చి పెడతారు. అది మిగతావాటికన్నా తేలికైతే స్క్రూ (దెబ్బ తర్వాత తెల్లబంతి వెనక్కి రావడం) అద్భుతంగా వస్తుంది, కుర్రాడు తనకి గొప్ప స్క్రూ ఉందనుకుంటాడు. బరువైతే వెనక్కి రాక, ఇంకా గట్టిగా కొట్టడం మొదలెడతాడు. కిరాణా కొట్లో డిజిటల్ త్రాసు మీద ఇరవై రెండు బంతులూ తూచి రాసుకోవడానికి పావుగంట చాలు. ఇంత చిన్న పని చేసిన పార్లర్ మా వైపు అరుదు.

ఇస్త్రీ చేతి పని

బరంపురంలో ఒక పాత మార్కర్ (పార్లర్‌లో టేబుళ్లు చూసుకునే మనిషి) టేబుల్ తయారుచేసే పద్ధతి చూడాల్సిందే. మధ్యాహ్నం ఫ్యాన్లు ఆపేస్తాడు. బ్రష్ పట్టుకుని బాక్ చివర నుంచి నలుపు చివరకి, ఒకే దిక్కున, ఒక్కో పట్టీ చొప్పున లాగుతాడు. వెనక్కి రుద్దడు. కుషన్ కింద పేరుకున్న చాక్‌ని వేరే చిన్న బ్రష్‌తో ముందుకి తీస్తాడు. తర్వాత ఇస్త్రీ పెట్టె. దాన్ని నేరుగా క్లాత్ మీద పెట్టడు. ఒక పాత ఒడియా పేపర్ ముక్క మీద పెట్టి చూస్తాడు. కాగితం గోధుమరంగుకి తిరిగితే వేడి ఎక్కువైనట్టు, ఇంకాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే నూగు వాలు వెంట, ఎక్కడా ఆపకుండా ఒక్కో లాగుడు. బ్రష్ చెయ్యకుండా ఇస్త్రీ చేస్తే చాక్ పొడి ఉన్నిలోకి కాలి అతుక్కుపోతుందని, ఆ మచ్చల మీద బంతి ఎగురుతుందని ఆయనకి ఎవరూ పుస్తకంలో చూపించలేదు. ఆడేవాళ్లు కిక్ అనేది చాలాసార్లు ఆ మురికి వల్లే వస్తుంది. బంతికి అంటిన చాక్ రెండు బంతులు తగిలే చోట పడితే తగిలిన బంతి చిన్నగా గెంతి, అనుకున్న కోణం కన్నా మందంగా వెళుతుంది.

ఆయన ఇస్త్రీ చేసిన సాయంత్రం ఆడినవాళ్లకి టేబుల్ వేరేగా ఉంటుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ మామూలే. వర్షాకాలంలో రాత్రి కవర్ కప్పకపోతే, గది మూసి ఉంచకపోతే ఎంత ఇస్త్రీ చేసినా తెల్లారేసరికి తేమ తిరిగొస్తుంది. గదిలో ఏసీ ఆటగాడి సుఖానికి కాదు, క్లాత్ పొడిగా ఉండడానికి అవసరం. మేడమీద పార్లర్ అయితే ఇంకో చిక్కుంది. ఐదు రాతి పలకలతో కలిపి టేబుల్ బరువు టన్ను దాటుతుంది. కింద శ్లాబు కొంచెం కుంగినా, ఎండాకాలంలో పలకల మధ్య అతుకు విచ్చినా, నెమ్మదిగా వెళ్లే బంతి చివరి అడుగులో పక్కకి తిరుగుతుంది. స్పిరిట్ లెవెల్‌ని ప్రతి అతుకు మీదా అడ్డంగా పెట్టి చూడాలి. ఒక్క మధ్యలో పెట్టి "లెవెల్ బాగుంది" అంటే సరిపోదు.

ఇంత వివరం ఎందుకంటే, "సరుకు ఉందా?" అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుంది. క్లాత్ మార్చి, బంతులు సరిచేసి, ఒక టేబుల్ ఆరు నెలలు ఇలా నిలబెట్టండి. దానిమీద లైనప్ పెట్టించండి. పదిహేను ఎరుపులు టేబుల్ నడిగీత మీద వరసగా, నీలం, గులాబి, నలుపు వాటి చుక్కల మీద. ఎరుపు, రంగు, ఎరుపు, రంగు. బంతి తప్పిన చోట ఆపి స్కోరు రాయాలి. దాంతోపాటు నీలం దాని చుక్క మీద, తెల్లబంతి బాక్ దగ్గర, నీలానికీ మూలపాకెట్‌కీ తిన్నగా పెట్టి ఇరవై సార్లు కొట్టించి ఎన్ని పడ్డాయో రాయాలి. పది లైనప్పుల్లో కనీసం ఐదు వంద దాటని కుర్రాడు నేషనల్స్‌లో నిలబడడం కష్టం. ఇది నా అంచనా మాత్రమే, గీత కొంచెం అటూ ఇటూ పెట్టుకోవచ్చు. కానీ ఏదో ఒక గీత ఉండాలి. "బాగా ఆడతాడు" అన్న మాట మీద ఒక బిడ్డ చదువు ఆపకూడదు.

లీడ్, పందెం, అలవాటు

పార్లర్ ఆటలో రెండు అలవాట్లు కుర్రాళ్లని పాడుచేస్తున్నాయి. మొదటిది లీడ్. బాగా ఆడే కుర్రాడు పెద్దవాళ్లకి ముప్పై, నలభై పాయింట్లు ముందే ఇచ్చి ఆడతాడు. వెనకబడి మొదలెడతాడు గనక దొరికిన ప్రతి ఎరుపూ వెయ్యాలనే చూస్తాడు. అవతలివాడు తప్పు చేస్తాడన్న నమ్మకంతో సేఫ్టీ (అవతలివాడికి సులువు దెబ్బ దొరక్కుండా ఆడడం) వదిలేస్తాడు. తనకన్నా బలమైనవాడు ఎదురైనప్పుడు, ఎరుపుని పలచగా తాకించి తెల్లబంతిని బాక్ కుషన్‌కి ఆనించి కూర్చోవడం వాడికి రాదు. నాలుగుసార్లు వరసగా అలాంటి సేఫ్టీ ఆడే ఓపిక అసలు రాదు.

రెండోది ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టడం. అక్కడితో ఆగితే సరే. అది మెల్లగా ఫ్రేమ్ మీద పందెంగా, పక్కన కూర్చున్నవాళ్ల పందెంగా మారుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు పెద్దమనుషులే కాబట్టి కుర్రాడికి అందులో తప్పు కనపడదు. కప్పు కొట్టిన జావో కథలో మనవాళ్లు దాటేసే భాగం ఇదే. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో పదిమంది చైనా ఆటగాళ్ల మీద చర్య తీసుకున్నారు. లియాంగ్ వెన్‌బో, లీ హాంగ్‌లకి జీవితకాల నిషేధం పడింది. జావో తన మ్యాచ్ కావాలని ఓడలేదు. కానీ మరొకరు చేసిన ఫిక్సింగ్‌లో భాగమైనందుకు, స్నూకర్ మీద పందేలు వేసినందుకు 20 నెలలు బయట కూర్చున్నాడు. 2021లో యూకే ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు 2025లో అమెచ్యూర్‌గా దిగడానికి కారణం అదే. టూర్ ఆటగాడు స్నూకర్ మీద ఏ పందెమూ, ఎంత చిన్నదైనా వెయ్యకూడదు. పదహారేళ్లకి పార్లర్‌లో ఫ్రేమ్ మీద వంద రూపాయలు పెట్టడం అలవాటైనవాడికి ఆ గీత ఎక్కడుందో చెప్పేవాళ్లు కావాలి. మన దగ్గర ఆ మాట చెప్పాల్సిన పెద్దలే పందెంలో కూర్చుంటున్నారు. దీని గురించి నాకు కోపమే ఉంది, దాచుకోను.

టూర్ లెక్క

టూర్‌లో సుమారు 128 మంది. కొత్తగా వచ్చినవాడికి రెండేళ్ల కార్డు, అంటే టూర్‌లో ఆడే హక్కు. ర్యాంకు అంటే గత రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నీల్లో గెలుచుకున్న పౌండ్లు, అంతే. పాతవాళ్ల ఖాతాలో అప్పటికే డబ్బు ఉంటుంది, కొత్తవాడు సున్నాతో మొదలెడతాడు. రెండో ఏడాది చివర మొదటి 64 మందిలో ఉండాలి. లేకపోతే ఏడాది జాబితా నుంచి దక్కే కొద్ది చోట్లు, లేదా మళ్లీ క్యూ స్కూల్ (కార్డు కోసం పెట్టే అర్హత పోటీలు).

చాలా టోర్నీల్లో మొదటి రౌండ్‌లో ఓడితే చేతికి ఒక్క పౌండూ వచ్చేది కాదు. ఈ బాధ చూసే 2022-23 సీజన్ నుంచి ఒక్కో ఆటగాడికి ఏడాదికి 20,000 పౌండ్ల హామీ పెట్టారు. మన రూపాయల్లో ఇరవై లక్షల పైమాటే. ఈ అంకె విని మా వైపు తల్లిదండ్రుల ముఖాలు వెలుగుతాయి. కానీ అది జీతం కాదు. ఆటగాడు ఏడాదంతా కలిపి 5,000 పౌండ్లు గెలిస్తే, మిగతా 15,000 కలిపి 20,000 చేసే పద్ధతి అది. అందులోంచే ఇంగ్లండ్‌లో గది అద్దె, ప్రాక్టీస్ క్లబ్‌కి కట్టేది, తిండి, చైనా, జర్మనీ, సౌదీ టోర్నీలకి విమానం టికెట్లు, హోటళ్లు. భారత పాస్‌పోర్టు ఉన్నవాడికి బ్రిటన్ వీసా వేరు, బెర్లిన్‌కి షెంగెన్ వీసా వేరు, చైనా వీసా వేరు. ఒకదానికి పాస్‌పోర్టు ఇచ్చి కూర్చున్న వారంలో ఇంకో టోర్నీ ఎంట్రీ వచ్చేస్తుంది. ఇంగ్లండ్ కుర్రాడు ఓడితే కారెక్కి ఇంటికెళ్లి అమ్మ వండింది తింటాడు. మనవాడు ఓడితే హోటల్ గదిలో లెక్క వేసుకుంటాడు.

క్యూ స్కూల్ కూడా తేలిక కాదు. ఆసియా-ఓషియానియా వాళ్లకి బ్యాంకాక్‌లో రెండు టోర్నీలు పెట్టిన ఏళ్లలో మొత్తం నాలుగు కార్డులు ఇచ్చారు. మ్యాచ్ నాలుగు ఫ్రేములు గెలిచినవాడిది. ఓడితే ప్రైజ్ మనీ లేదు. 2022లో హిమాన్షు జైన్, 2023లో ఇష్‌ప్రీత్ సింగ్ చద్దా ఆ దారిలోనే కార్డు తెచ్చుకున్నారు. ఇద్దరూ అప్పటికే దేశంలో పేరున్న ఆటగాళ్లు. ఊరి పార్లర్ నుంచి నేరుగా బ్యాంకాక్ వెళ్లినవాళ్లు కారు.

కార్డుకి ఇంకో తలుపు ఉంది, మన పిల్లలకి ఎవరూ చెప్పనిది. ప్రపంచ అమెచ్యూర్, ఆసియా టైటిళ్లు గెలిచినవాళ్లకి కార్డు ఇస్తూ వచ్చారు. బెంగళూరు ఆటగాడు పంకజ్ అద్వానీ 2012లో టూర్‌లోకి వెళ్లింది ఆసియా సంఘం ఇచ్చిన చోటు మీదే. అమ్మాయిలకైతే మహిళల ప్రపంచ టైటిల్‌కి రెండేళ్ల కార్డు ఉంది. ఆ తలుపు దాకా తీసుకెళ్లేది నేషనల్స్. ఇంట్లో చదువుకుంటూ, రైలెక్కి వెళ్లి ఆడగల దారి ఇది.

అద్వానీ వెనక్కి రావడం

నా వాదనకి ఎదురు నిలిచేవాళ్లు ఇక్కడే లేస్తారు. "ఉద్యోగం వస్తే వాడు ఇంకేం ఆడతాడు? ఆకలి ఉండాలి. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్‌ని చూడండి, వాళ్ల నాన్న ఇల్లు అమ్మి ఆడించాడట, పద్దెనిమిదేళ్లకే దిగ్గజం హెండ్రీని ఓడించి చైనా ఓపెన్ గెలిచాడు."

ఈ మాటలో నిజం ఉంది, కొట్టిపారెయ్యలేను. 1992లో ప్రొ అయిన ఓసలివన్, హిగ్గిన్స్, విలియమ్స్ ముగ్గురూ అప్పటికి పదిహేడు దాటని పిల్లలే. ఓసలివన్ 17 ఏళ్లకే యూకే ఛాంపియన్‌షిప్ గెలిచాడు. వారం వారం ప్రపంచంలోని మొదటి ముప్పై మందితో ఆడితే వచ్చే పదును ఇంకెక్కడా రాదు. మన ఆదిత్య మెహతా టూర్‌లో ఉండబట్టే 2013లో ఢిల్లీ ఇండియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లాడు. డింగ్ చేతిలో 0-5తో ఓడాడు గానీ, ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు ఆయనే. ఇంట్లో కూర్చుని నేషనల్స్ మాత్రమే ఆడి ఉంటే అక్కడిదాకా వెళ్లేవాడు కాదు.

కానీ డింగ్ కథలో ఇల్లు ఒక్కటే చూస్తున్నాం. ఆయన తర్వాత చైనాలో అకాడమీలు లేచాయి. షెఫీల్డ్‌లో చైనా కుర్రాళ్లు ఒకే చోట ఉండి, ఒకరితో ఒకరు ఆడుకునే ఏర్పాటు ఉంది. జావో ఆ గుంపులోంచి వచ్చినవాడు. ఇల్లు అమ్మిన తండ్రులు అక్కడ ఇంకెందరున్నారో, వాళ్ల పిల్లలు ఏమయ్యారో మనకి వినపడదు. మా వైపు ఇల్లు అమ్మితే వచ్చే డబ్బు షెఫీల్డ్‌లో రెండేళ్లకి సరిపోతుందేమో. మూడో ఏడాది ఆ కుటుంబం ఎక్కడుంటుందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

అద్వానీ ఏం చేశాడో చూడండి. 2012లో టూర్‌కి వెళ్లాడు, 2013లో వెల్ష్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ ఆడాడు, 2014లో తనంతట తానే కార్డు వదిలేసి బెంగళూరు వచ్చేశాడు. బిలియర్డ్స్, స్నూకర్ రెండూ ఆడాలన్నాడు, దేశంలో ఉండాలన్నాడు. ఓఎన్‌జీసీ ఉద్యోగం ఉంది. 2024 నాటికి ఆయన ప్రపంచ టైటిళ్లు 28. ప్రొ టూర్‌లో ఉండిపోతే ఇంకా పెద్ద ఆటగాడయ్యేవాడని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఒక్క స్నూకర్ వరకే చూస్తే కావచ్చు. కానీ వెనక్కి రావాలనుకున్న రోజున నిలబడడానికి ఆయనకి నేల ఉంది. నేను మన పిల్లలకి కోరేది ఆ నేల.

అది అందని ద్రాక్ష కాదు. పెట్రోలియం స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు తరఫున, రైల్వేల తరఫున నేషనల్స్‌కి జట్లు వస్తాయి. మల్‌కీత్ సింగ్, కమల్ చావ్లా రైల్వే ఆటగాళ్లు. కమల్ చావ్లా 2024లో 6-రెడ్ (ఆరు ఎరుపులతో ఆడే స్నూకర్) ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఆట చచ్చిపోదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? రైల్వే ఉద్యోగం విలువేంటో రాయగడలో, బరంపురంలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. స్పోర్ట్స్ కోటా ప్రకటన వచ్చినప్పుడు అడిగేది గుర్తింపు ఉన్న పోటీల్లో స్థానం, దానికి సర్టిఫికెట్, దాంతోపాటు కనీస చదువు. ప్లస్‌టూ మధ్యలో మానేసినవాడు ఎంత బాగా ఆడినా కొన్ని పోస్టులకి దరఖాస్తే పెట్టలేడు. చదువు ఆపొద్దని పట్టుబట్టేది అందుకే. పుస్తకాల మీద గౌరవంతో మాత్రమే కాదు.

పైగా ఈ ఆటలో వయసు తొందరపెట్టదు. 2025 ఫైనల్లో జావోకి ఎదురుగా ఉన్న విలియమ్స్‌కి 50 ఏళ్లు. పదిహేడేళ్లకి టూర్‌కి వెళ్లనంత మాత్రాన తలుపు మూసుకుపోదు. చిన్నప్పుడు మొదలెట్టాల్సింది సరైన టేబుల్ మీద ఆడడం. ప్రొ అవడం ఇరవై నాలుగుకైనా, ఇరవై ఏడుకైనా కావచ్చు. అప్పటికి చేతిలో ఉద్యోగం, జీతం లేని సెలవు అడిగే వీలు, రెండు క్యూ స్కూళ్లకి సరిపడా దాచుకున్న డబ్బు ఉంటాయి. అలా వెళ్లినవాడు మొదటి రౌండ్‌లో ఓడినా తర్వాతి మ్యాచ్‌లో చెయ్యి వణకకుండా ఆడతాడు.

ఒడిశా తరఫునా, ఆంధ్రా తరఫునా?

సరిహద్దులో ఉన్నవాళ్లకి మాత్రమే వచ్చే చిక్కు ఇది. ఇల్లు, బడి, ఆధార్ అన్నీ ఒడిశాలో. మంచి టేబుళ్లు, ఎదురాడే మంచి ఆటగాళ్లు దగ్గర్లో ఉన్నది విశాఖలో. 2017లో ఇండియన్ ఓపెన్ అక్కడే జరిగింది, హిగ్గిన్స్ గెలిచాడు. మా వైపు నుంచి రైలెక్కి వెళ్లి చూసొచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ కుషన్ల చప్పుడు గురించే చెబుతారు. అంతకుముందు ఏడాది హైదరాబాదులో జరిగింది. సహజంగానే కుర్రాళ్లకి ఆంధ్రా సంఘంలో చేరిపోవాలనిపిస్తుంది. బంధువుల చిరునామా పెట్టి ఎంట్రీ పంపే ఆలోచన కూడా ఇళ్లలో నడుస్తుంది.

నేను వద్దంటాను. నేషనల్స్‌కి ఎంట్రీ రాష్ట్ర సంఘం నుంచో, ఉద్యోగం ఇచ్చిన బోర్డు నుంచో వెళుతుంది. ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు ఆడినవాడి కోసం ఎంపిక వేళ మాట్లాడేవాళ్లు రెండు వైపులా ఉండరు. కాగితాలు ఎక్కడున్నాయో అక్కడి నుంచే ఆడాలి. ప్రాక్టీస్ మాత్రం ఎక్కడ మంచి టేబుల్ ఉంటే అక్కడ చెయ్యొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెలకి ఒకసారి శనివారం రాత్రి రైలెక్కి, ఆదివారమంతా విశాఖలో వేగమైన క్లాత్ మీద ఆడి, సోమవారం తెల్లారేసరికి బరంపురంలో దిగవచ్చు. వెళ్లేటప్పుడు సొంత క్యూ తీసుకెళ్లాలి. టిప్ (క్యూ కొనకి అంటించే తోలు ముక్క) ప్రయాణానికి ముందురోజు మార్చకూడదు, కొత్త టిప్ అణిగి, అంచు ఉబ్బి, మళ్లీ దిద్దుకునేసరికి కొన్ని గంటల ఆట పడుతుంది. అక్కడ మొదటి గంట ఫ్రేములు ఆడొద్దు. నలుపు చుక్క దగ్గర నుంచి చిన్న చిన్న స్టన్ దెబ్బలు (తెల్లబంతి ముందుకి దొర్లకుండా ఆపేవి), తర్వాత నీలం తిన్నగా, తర్వాత టేబుల్ పొడవునా తెల్లబంతిని కొట్టి వెనక్కి టిప్ దాకా రప్పించడం. చెయ్యి ఆ వేగానికి అలవాటు పడ్డాకే ఎవరితోనైనా ఫ్రేమ్ మొదలెట్టాలి, లీడ్ ఇవ్వకుండా, తనకన్నా గట్టివాడితో.